ఆక్సిజన్ ఊగడం లేదు, రీడింగే ఊగుతోంది

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. ఎకరంన్నర వనామీ రొయ్యల గుంట ఉంది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు నాలుగు. నేను డిప్లొమా చదివాను. గుంటలో ఆక్సిజన్, పీహెచ్ ఫోన్‌లో కనపడేలా ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డుతో ఒక పెట్టె తయారుచేశాను. ఆక్సిజన్‌కు గాల్వానిక్ ప్రోబ్, దాని చిన్న యాంప్లిఫయర్ బోర్డు, ఆ తర్వాత ఓల్టేజ్‌ను అంకెగా మార్చే ఏడీఎస్1115 చిప్. సెకనుకు ఒక రీడింగ్. ఏరియేటర్లు ఆపి ఉంటే 4.9 పీపీఎం దగ్గర నిలకడగా ఉంటుంది. ఆన్ చేయగానే 4.2కూ 5.6కూ మధ్య అలలాగా మెల్లగా ఊగుతుంది. ఒక ఊపుకు ఒక్కోసారి అర నిమిషం, ఒక్కోసారి నిమిషంన్నర. పది రీడింగుల సగటు తీసినా పోలేదు. మా నాన్న చూసి, "నీ మిషన్ తాగినోడి మాదిరి ఊగతా ఉండాది, నేను నీళ్ళు చూసే చెప్తాలే" అంటున్నాడు. నెట్‌లో చూస్తే నాలుగో ఆర్డర్ బటర్‌వర్త్ ఫిల్టర్ కట్టమన్నారు, దానికి పదికి పైగా విడిభాగాలు. నా పెట్టె అరచేతిలో పట్టేంత. అందులో ఇమిడే ఫిల్టర్ చెప్పండి. అదే పీహెచ్‌కు కూడా వాడొచ్చా?

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అసలు సంగతి పట్టిచ్చిన మాట "మెల్లగా" అన్నది. మోటార్ల నుంచి వచ్చే నాయిస్, అంటే సిగ్నల్‌లో కలిసే అక్కర్లేని గోల, మెల్లగా ఉండదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు (50 హెర్ట్జ్) ఊగుతుంది. అది రీడింగులో కలిస్తే అంకెలు చిందరవందరగా గెంతాలి గానీ, అర నిమిషానికో ఊపు ఊగకూడదు. మీరేమో ఆ నిదానం చూసి ఇది నీళ్ళలోనే జరుగుతోందేమో, ఏరియేటర్ చక్రాలు కొట్టిన అల ప్రోబ్ దాకా వస్తోందేమో అని అనుమానపడి ఉంటారు. అది కాదు.

గడియారం వంక కచ్చితంగా గంటకోసారి మాత్రమే చూసే మనిషిని ఊహించుకోండి. అతనికి నిమిషాల ముల్లు అసలు కదలనట్టే కనపడుతుంది. గడియారం గంటకు ఒక నిమిషం వెనకబడేదైతే, ముల్లు గంటకో గీత చొప్పున నిదానంగా వెనక్కి నడుస్తున్నట్టు కనపడుతుంది. ముల్లు మాత్రం మధ్యలో పూర్తి చుట్టు తిరుగుతూనే ఉంది, అతను చూడలేదంతే. మీ పెట్టె చేస్తున్నది ఇదే. సెకనుకోసారి చూస్తోంది. ఆ సెకనులో కరెంటు దాదాపు 50 చుట్లు తిరిగి మళ్ళీ ఉన్నచోటికే వస్తోంది. "దాదాపు" అన్నాను చూడండి, అక్కడే ఉంది కిటుకు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ సరిగ్గా 50 దగ్గర కూర్చోదు. మన గ్రిడ్ నిబంధనల ప్రకారం 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలి, ఆ మధ్యలో తిరుగుతూ ఉంటుంది. 49.97 ఉన్నప్పుడు తేడా 0.03 హెర్ట్జ్, అంటే 33 సెకన్లకో ఊపు. 49.99కి వస్తే 100 సెకన్లకో ఊపు. మీరు రాసిన అర నిమిషం, నిమిషంన్నర ఇవే. దీన్ని ఏలియాసింగ్ అంటారు. ఒకసారి ఇలా వేషం మార్చుకుని లోపలికొచ్చిన నాయిస్‌ను ప్రోగ్రామ్ గుర్తుపట్టలేదు, నిజం ఆక్సిజన్ కూడా అలాగే మెల్లగా మారుతుంది కాబట్టి. మీ పది రీడింగుల సగటు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. 33 సెకన్ల అలను పది సెకన్ల సగటు ఏం చేస్తుంది? అంచులు కాస్త అరగదీస్తుంది, అంతే.

నా మాట నమ్మనక్కర్లేదు, ఈ సాయంత్రమే తేల్చుకోవచ్చు. ప్రోగ్రామ్‌లో 1000 మిల్లీసెకన్లు ఉన్నచోట 1005 పెట్టండి. అప్పుడు రెండు రీడింగుల మధ్య కరెంటు 50 చుట్లూ తిరిగి ఇంకో పావు చుట్టు ముందుకు పోతుంది. మెల్లటి అల మాయమై, అటూ ఇటూగా నాలుగైదు రీడింగులకో గెంతు కనపడుతుంది. గుంటలో ఆక్సిజన్‌కు మీ ప్రోగ్రామ్‌లో ఏ అంకె ఉందో తెలియదు కదా. అంకె మారిస్తే ఊపు మారిందంటే అది నీళ్ళది కాదు.

ఇక ఫిల్టర్‌కు వద్దాం అనుకుంటున్నారు కదా? ఇంకాస్త ఆగండి. ఈ 50 హెర్ట్జ్ మీ పెట్టెలోకి ఏ దారిన వస్తోందో చూడకుండా ఫిల్టర్ పెట్టొద్దని నా పట్టుదల. దీనికో కారణం ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, చీమకుర్తి వైపు గ్రానైట్ బ్లాకులు తూచే ఒక వేబ్రిడ్జిలో అంకెలు ఆగడం లేదంటే నన్ను పంపారు. కుర్రతనం, చేతిలో సోల్డరింగ్ ఐరన్. యాంప్లిఫయర్ తర్వాత 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 1000 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ వేసేశాను. అంకె బుద్ధిమంతుడిలా ఆగింది, టీ కూడా ఇప్పించారు. మర్నాడు ఫోన్: లారీ దిగిపోయి అర నిమిషమైనా కాటా మీద ఇంకా బరువు చూపిస్తోందట! వెనక లారీ డ్రైవర్లు గొడవ. మళ్ళీ వెళ్ళి తెరిస్తే, బరువును కొలిచే లోడ్ సెల్ వైర్లు కలిసే జంక్షన్ బాక్సులో వాననీళ్ళు. జబ్బు అక్కడుంటే నేను మందు ఇంకోచోట రాశాను.

మీ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఇది ఉప్పునీళ్ళు, త్రీఫేజ్ మోటార్లు కలిసిన వ్యవహారం. ఒక ప్లాస్టిక్ బకెట్‌లో గుంట నీళ్ళే ముంచుకుని గట్టు మీద పొడిచోట పెట్టండి. ఏరియేటర్లు తిరుగుతుండగా ప్రోబులు రెండింటినీ ఆ బకెట్‌లో పెట్టి చూడండి. అదే కేబుల్, అదే పెట్టె, అదే చార్జర్. ఊపు అలాగే ఉంటే నాయిస్ కేబుల్ మీద నుంచో, పవర్ నుంచో వస్తోంది. ఊపు పోయిందంటే నీళ్ళ గుండా వస్తోంది, అంటే గుంట నీళ్ళలో కరెంటు ఉంది.

ఈ రెండోది తేలితే మీ ప్రాజెక్టు పక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మోటారులో తేమ చేరి ఉండొచ్చు, టేపు చుట్టిన అతుకు నీళ్ళలో నానుతూ ఉండొచ్చు. కొద్దిపాటి ఓల్టేజ్ మామూలుగా కూడా వస్తుంది, ప్రతిసారీ లీకేజీ అని భయపడక్కర్లేదు. కానీ అది కొద్దిపాటిదా, ప్రాణం తీసేదా అన్నది మీటర్ పెట్టి చూడాల్సిన మనిషి చూడాలి. ఏ ఏరియేటర్‌దో తెలుసుకోవడం మాత్రం మీ పెట్టెతో సులువు: నాలుగింటినీ ఒక్కొక్కటిగా ఆన్ చేయిస్తూ ఏది తిరిగినప్పుడు ఊపు పెరుగుతోందో రాసుకోండి. ఎలక్ట్రీషియన్‌కు సగం పని మీరే చేసిపెట్టినట్టు. స్టార్టర్ బోర్డులో లీకేజీకి ట్రిప్ అయ్యే బ్రేకర్ లేకపోతే పెట్టించమని నాన్నగారికి చెప్పండి. అంతవరకు మోటార్లు ఆపకుండా చెక్‌ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) చూడ్డానికి కూడా ఎవరూ గుంటలో చెయ్యి పెట్టొద్దు. ఇక్కడ నాయిస్‌ను ఫిల్టర్‌తో నొక్కేస్తే, మీ రీడింగు నున్నగా వస్తుంది, నీళ్ళలో కరెంటు అలాగే ఉంటుంది.

బకెట్‌లో కూడా ఊగితే చార్జర్ పీకి పవర్ బ్యాంక్ పెట్టండి. చవక చార్జర్‌తో ఫోన్ పెట్టుకుని దాని ఇనప అంచు తాకితే వేళ్ళకు చిమచిమలాడుతుంది చూడండి, ఆ చిమచిమే మీ సర్క్యూట్ గ్రౌండ్‌కూ ఎక్కుతుంది. పవర్ బ్యాంక్‌తో తగ్గితే దొంగ దొరికినట్టే. తగ్గకపోతే కేబుల్. మోటార్ వైర్లతో కలిపి కట్ట కట్టి ఉంటే విడదీయండి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి. షీల్డ్ (వైర్ల చుట్టూ లోహపు అల్లిక) ఉన్న కేబుల్ వాడి, ఆ షీల్డ్‌ను పెట్టె వైపు మాత్రమే గ్రౌండ్‌కు కలపండి, రెండో చివర వదిలేయండి. పెట్టెను స్టార్టర్ బోర్డులోనే బిగించి ఉంటే, దయచేసి అక్కణ్ణుంచి తీసేయండి.

ఇన్ని చేసినా కొంత మిగులుతుంది. ఇప్పుడు ఫిల్టర్.

బటర్‌వర్త్ అనే బ్రిటిష్ ఇంజినీరు 1930లో రాసిన వ్యాసంతో వచ్చిన పద్ధతి అది, గొప్పదే. కావాల్సిన సిగ్నల్, వద్దనుకునే నాయిస్ పక్కపక్కనే ఉన్నప్పుడు అంత నిక్కచ్చి ఫిల్టర్ కావాలి. మోటారు బేరింగ్ అదురు కొలిచేవాళ్ళకు కావాలి. మీకెందుకు? గాల్వానిక్ ప్రోబ్‌లో ఆక్సిజన్ పొర దాటి లోపలికి ఇంకాలి, రీడింగ్ పూర్తిగా కుదురుకోవడానికి నిమిషం అటూ ఇటూ పడుతుంది. గుంటలో ఆక్సిజన్ పడిపోవడం కూడా గంటల లెక్క: చీకటి పడ్డాక నాచు ఆక్సిజన్ ఇవ్వడం ఆపి, తీసుకోవడం ఒక్కటే చేస్తుంటే, తెల్లవారుజాముకు అడుగంటుతుంది. మీ సిగ్నల్ తాబేలు, నాయిస్ కుందేలు. వాటి మధ్య బోలెడంత ఎడం ఉంది. అంత ఎడం ఉన్నప్పుడు ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ చాలు.

లెక్కకు నేను వాడే అడ్డదారి ఇది: రెసిస్టర్‌ను కిలో ఓమ్‌లలో, కెపాసిటర్‌ను మైక్రోఫ్యారడ్లలో తీసుకుని గుణించండి. 159ని ఆ లబ్ధంతో భాగిస్తే కటాఫ్, అంటే ఫిల్టర్ ఎక్కడి నుంచి తగ్గించడం మొదలుపెడుతుందో ఆ అంకె, హెర్ట్జ్‌లలో వస్తుంది. 10 కిలో ఓమ్‌లు, 1 మైక్రోఫ్యారడ్ అయితే 15.9 హెర్ట్జ్. అది 50 హెర్ట్జ్‌ను మూడు రెట్లకు కాస్త పైన తగ్గిస్తుంది, చాలదు. అదే 10 కిలో ఓమ్‌లు, 10 మైక్రోఫ్యారడ్లు అయితే 1.6 హెర్ట్జ్, 50 హెర్ట్జ్ 31 రెట్లు తగ్గుతుంది. మీ 1.4 పీపీఎం ఊపు 0.05 కన్నా తక్కువకు దిగుతుంది. ఆలస్యమా? సిగ్నల్ 99 శాతం కుదురుకోవడానికి అర సెకను. మీ ప్రోబ్ నిదానం ముందు అది లెక్కలోకి రాదు.

మరి 100 కిలో ఓమ్‌లు, 1 మైక్రోఫ్యారడ్ పెట్టినా అదే 1.6 కదా అంటారు. లెక్కకు అంతే. కానీ ఏడీఎస్1115 ఇన్‌పుట్ కూడా కొద్దిగా కరెంటు తాగుతుంది, రేంజిని బట్టి దాని ఇన్‌పుట్ రెసిస్టెన్స్ కొన్ని మెగా ఓమ్‌లే. ముందర 100 కిలో ఓమ్‌లు పెడితే ఒకటి రెండు శాతం అక్కడే పోవచ్చు. 10 కిలో ఓమ్‌లు మేలు.

కెపాసిటర్ ఎంచుకోవడంలోనే చాలామంది బోల్తా పడతారు. 10 మైక్రోఫ్యారడ్ అనగానే కొట్టువాడు ఎలక్ట్రోలైటిక్ ఇస్తాడు. అందులో కొద్దిగా కరెంటు కారుతుంది. రెండు మూడు మైక్రో ఆంపియర్లు కారినా 10 కిలో ఓమ్‌ల మీద 20, 30 మిల్లీవోల్టులు పోతాయి, పైగా ఎండకు అది మారుతూ ఉంటుంది. మన మే నెల ఎండలో గట్టు మీద మూసిన పెట్టె లోపల ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పాలా? సెరామిక్ తీసుకోండి, కానీ చవకగా వచ్చే వై5వీ రకం వద్దు, అది వేడికీ ఓల్టేజ్‌కీ సగానికి పైగా విలువ పోగొట్టుకుంటుంది. ఎక్స్7ఆర్ అని అడగండి, 25 వోల్టులది. మీకు కావాల్సింది మూడు వోల్టులేగా అనొద్దు. సెరామిక్ కెపాసిటర్ మీద ఓల్టేజ్ పెరిగేకొద్దీ విలువ తగ్గుతుంది. రేటింగ్ ఎక్కువ ఉన్నది తీసుకుంటే ఆ తరుగు తక్కువగా ఉంటుంది. ఇంకో గుణం కూడా ఉంది దానికి: అదిరితే కొద్దిగా ఓల్టేజ్ పుట్టిస్తుంది. పెట్టెను ఏరియేటర్ ఫ్లోట్ మీద గానీ, అదిరే రేకు మీద గానీ బిగించకండి.

దానికి పక్కనే, ఏడీఎస్ కాళ్ళకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా, 0.1 మైక్రోఫ్యారడ్ చిన్న సెరామిక్ ఇంకొకటి పెట్టండి. పెద్దది ఉండగా చిన్నది దేనికంటే, ఈఎస్‌పీ32 వైఫై, స్టార్టర్ నిప్పురవ్వల లాంటి మహా వేగమైన నాయిస్‌కు పెద్ద కెపాసిటర్ కెపాసిటర్‌లా ప్రవర్తించదు. చిన్నది ఆ పని చూసుకుంటుంది. మొత్తం మూడు భాగాలు. మీ చిటికెనవేలి గోరంత జాగా.

ఇంకొకటి, ఖర్చు లేనిది. ఏడీఎస్1115 మీరేమీ చెప్పకపోతే సెకనుకు 128 కొలతల వేగంతో పనిచేస్తుంది. అంటే ఒక్కో కొలత 8 మిల్లీసెకన్లలోపు. కరెంటు ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది, సగం చుట్టు కూడా చూడకుండానే కొలిచేస్తోంది. ఆ వేగాన్ని 8కి దించండి. ఒక్కో కొలత 125 మిల్లీసెకన్ల సగటు అవుతుంది, అంటే ఆరుంపావు చుట్లు. పైకీ కిందకీ ఊగినవి చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ చిప్‌లో గడియారం అంత కచ్చితమైనది కాదు గనుక సరిగ్గా ఇన్ని రెట్లు అని చెప్పను, పదిహేను రెట్లయినా తగ్గుతుంది. ఒక లైను మారిస్తే వచ్చే లాభం. మరి ఈ ఒక్క లైనే చాలదా, కెపాసిటర్ ఎందుకు అంటారేమో. నాయిస్ పెద్దదై ఏడీఎస్ రేంజి దాటిందనుకోండి, పైభాగం తెగిపోతుంది. తెగిన దాని సగటు తప్పు సగటే. దాన్ని ముందే ఆపేది కెపాసిటర్.

స్టార్టర్ పడినప్పుడు, లేచినప్పుడు వచ్చే ఒంటి గెంతులకు మాత్రం సగటు పనికిరాదు. ఐదు రీడింగులు 4.8, 4.9, 4.8, 12.6, 4.8 వచ్చాయనుకోండి. సగటు 6.38. నడిమిది తీస్తే 4.8. ఐదింటినీ వరుసలో పేర్చి నడుమ ఉన్నదాన్ని తీసుకోవడమే మీడియన్. మీ పనికి ఇది ముఖ్యం, ఎందుకంటే ఆక్సిజన్ 3కి పడిన రాత్రి ఇలాంటి ఒక్క గెంతు వచ్చి సగటును 5కి ఎత్తిందంటే, అలారం మోగదు, మీరు నిద్ర లేవరు.

పీహెచ్ సంగతి. ఈ ఫిల్టర్‌ను పీహెచ్ ప్రోబ్‌కు నేరుగా తగిలించొద్దు. గాజు ఎలక్ట్రోడ్ రెసిస్టెన్స్ పదుల నుంచి వందల మెగా ఓమ్‌లు ఉంటుంది. దాని ముందు మీ 10 కిలో ఓమ్‌లు సముద్రంలో కాకిరెట్ట. పైగా కెపాసిటర్ నుంచి కొంచెం కారినా రీడింగ్ కుంగిపోతుంది: ప్రోబ్ 100 మెగా ఓమ్‌లు, లీకేజీ దారి 1000 మెగా ఓమ్‌లు అయితే తొమ్మిది శాతం అక్కడికక్కడే పోయినట్టు. ముందు బఫర్ (ప్రోబ్ నుంచి దాదాపు కరెంటు లాగకుండా దాని ఓల్టేజ్‌ను అందించే సర్క్యూట్) ఉన్న బోర్డు, దాని అవుట్‌పుట్ దగ్గర ఇదే ఫిల్టర్. అప్పుడు ఇబ్బంది లేదు. ఒక పీహెచ్ అంకె తేడాకు 25 డిగ్రీల దగ్గర వచ్చేది 59 మిల్లీవోల్టులే, కాబట్టి కనెక్టర్ మీద ఉప్పుతేమ చేరితే ఏ ఫిల్టరూ కాపాడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరబెట్టి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం పడేయండి.

రెండు ప్రోబులు ఒకే నీళ్ళలో ఉన్నాయి, రెండింటికీ గ్రౌండ్ ఒకటే. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నీళ్ళ గుండా కరెంటు పారవచ్చు. పీహెచ్ ప్రోబ్‌ను పైకి తీసి చూడండి. ఆక్సిజన్ రీడింగ్ ఆ క్షణమే జరిగి వేరేచోట కూర్చుంటే, రెండూ మాట్లాడుకుంటున్నాయి. అది నాయిస్ కాదు, నిలకడగా ఉండే తప్పు, కాబట్టి ఫిల్టర్‌కు లొంగదు. అప్పుడు ఒక ప్రోబ్ బోర్డుకు, దాని ఏడీఎస్‌కు కలిపి విడిగా పవర్ ఇవ్వాలి: బీ0505ఎస్ లాంటి చిన్న ఐసోలేటెడ్ (గ్రౌండ్ కలవకుండా పవర్ ఇచ్చే) మాడ్యూల్ ఒకటి, ఏడీఎస్ అంకెలను బోర్డుకు పంపే ఐ2సీ లైన్లకు ఏడీయూఎమ్1250 లాంటి ఐసోలేటర్ ఒకటి. ఆ పవర్ మాడ్యూల్ కూడా తన వంతు గోల చేస్తుంది, దాని అవుట్‌పుట్ మీద 10 మైక్రో, 0.1 మైక్రో కెపాసిటర్లు రెండూ వేయండి. పెట్టె కాస్త పెద్దదవుతుంది, తప్పదు.

అన్నీ ఒకేరోజు చేయకండి, ఏది పనిచేసిందో తెలియదు. ముందు 1005, తర్వాత బకెట్. బకెట్‌లో ఊపు ఆగిపోతే అక్కడే ఆగి ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఉండండి. కాకపోతే పవర్ బ్యాంక్, కేబుల్, చివరికి ఆ మూడు భాగాలు. అయ్యాక ఒక రాత్రి పది గంటల నుంచి తెల్లవారి ఏడు దాకా రికార్డు చేసి నాకు పంపండి, ఏరియేటర్లు ఎప్పుడు ఆన్ చేశారో, ఎప్పుడు ఆపారో పక్కన రాయండి. ఆ రాత్రి నాన్నగారిని కూడా గంటకోసారి నీళ్ళు చూసి ఎలా ఉందో చెప్పమనండి, ఆ మాటలు కూడా అదే కాగితం మీద రాయండి. అలారం ఏ అంకె దగ్గర పెట్టాలో ఆ రెండు వరుసలూ పక్కపక్కన చూశాక చెప్తాను.